కొలోన్‌లో తొమ్మిదేళ్లు, 214 బీర్లు: మళ్లీ కొనేవి, ఇక కొననివి

ఉద్యోగం కోసం జర్మనీలోని కొలోన్‌కి వచ్చి తొమ్మిదేళ్లు దాటింది. మొదటి నెల నుంచీ తాగిన ప్రతి కొత్త బీరు గురించీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఎక్కడ తాగాను, కొన్నాళ్ల తర్వాత నుంచి సీసా మీద తేదీ ఏమిటి, వాసన ఎలా ఉంది, మింగాక నాలుక మీద ఏం మిగిలింది, ఇంతే. ఇప్పటికి 214 అయ్యాయి. ఒక పూటకి రెండు చిన్న గ్లాసులు దాటను. మూడోది పడితే రుచి తెలియదు, రాసినవన్నీ ఒకేలా ఉంటాయి.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నాకు బీరంటే 650 మిల్లీలీటర్ల సీసా. లైటా, స్ట్రాంగా అని అడగడం, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకోవడం, అంతవరకే తెలుసు. కొలోన్ వాళ్ల సొంత బీరు కోల్ష్ దగ్గర ఆ లెక్క మారింది. దాన్ని 200 మిల్లీలీటర్ల సన్నటి పొడుగు గ్లాసులో ఇస్తారు. ఖాళీ కాగానే అడగకుండా ఇంకోటి పెట్టి, గ్లాసు కింది అట్ట మీద పెన్సిల్‌తో గీత గీసి వెళ్తారు. చాలు అనుకుంటే ఆ అట్టను గ్లాసు మీద మూతలా పెట్టాలి, మనం విస్తరి మడిచినట్టు. అంత చిన్న గ్లాసులో ఎందుకో తాగితే తెలుస్తుంది. నురుగు ఉండగానే, చల్లదనం పోకముందే అయిపోతుంది. లేత చేదు, కొంచెం ఆపిల్ వాసన. అదే కోల్ష్ సీసా ఒకటి ఇంట్లో అలమరాలో ఎనిమిది నెలలు మర్చిపోయి తీస్తే, తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. నోటుబుక్కులో తేదీ రాయడం ఆ రోజే మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసింది ఇదే: చాలా బీర్లకు పేరు కన్నా తేదీ ముఖ్యం.

వెలుతురు కూడా అంతే ముఖ్యం. ఒకసారి ఓ దుకాణం అద్దాల కిటికీలో, ఎండ పడేచోట పెట్టిన ఆకుపచ్చ సీసాలు ఆరు కొన్నాను. మూత తీయగానే కాలిన రబ్బరు, వెల్లుల్లి కలిసినట్టు వాసన. బీరుకి చేదునిచ్చేవి హాప్స్ పూలు. ఆ చేదు పదార్థాలు వెలుతురు తగిలితే విరిగి గంధకం వాసన పుట్టిస్తాయి. గోధుమరంగు సీసా వెలుతురును బాగా ఆపుతుంది, ఆకుపచ్చది, తెల్లది ఆపలేవు. ఆరూ పారబోశాను. అప్పటినుంచి కిటికీ దగ్గరి సీసా ముట్టుకోను.

తాజాదనం అంటే ఏమిటో పూర్తిగా అర్థమైంది చెక్ దేశంలోని ప్ల్జెన్‌లో. ప్రాగ్ నుంచి రైల్లో గంటన్నర. బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ 1842లో ఇక్కడ చేసిన బంగారు రంగు బీరే ఈరోజు ప్రపంచమంతా పిల్స్‌నర్ అని తాగుతున్నదానికి మూలం. మన దగ్గర దొరికే లేతరంగు లాగర్ బీర్లన్నీ దూరం బంధువులే. ఆ ఊరి నీళ్లలో ఉప్పులు చాలా తక్కువ, అందుకే చేదు గట్టిగా ఉన్నా గొంతులో గరగరలాడదు. ఆ బీరు చేసే పిల్స్‌నర్ ఉర్క్వెల్ కంపెనీ నేలమాళిగల్లో, ఓక్ పీపా నుంచి వడకట్టని బీరు నేరుగా గ్లాసులోకి పట్టి ఇచ్చారు. కొంచెం మసకగా ఉంది. ముందు తాజా రొట్టె వాసన, వెనక వెన్నలాంటిది, ఆ తర్వాత చేదు. వేపపువ్వు వేసిన ఉగాది పచ్చడిలో చేదు మిగతా రుచులను ఎలా నిలబెడుతుందో, ఇక్కడా అలాగే నిలబెట్టింది. కొలోన్‌కి తిరిగొచ్చి సీసాలో తాగితే బాగానే ఉంది, కానీ ఆ వెన్న, ఆ రొట్టె సగమే ఉన్నాయి.

హాప్స్ ఎక్కువ వేసి చేసే అమెరికా తరహా ఐపీఏల (ఇండియా పేల్ ఏల్) సంగతి మరీ. తాజాగా ఉంటే మామిడిపండు, నిమ్మతొక్క ముక్కుకి కొడతాయి. నాలుగైదు నెలలయ్యాక పండు పోయి చేదొక్కటే ఉంటుంది. తేదీ లేని ఐపీఏ సీసా నేను కొనను. డబ్లిన్ గిన్నిస్ చూడటానికి నల్లగా, బరువుగా ఉంటుంది గానీ ఆల్కహాల్ 4.2 శాతమే. ఆ మెత్తటి నురుగు నైట్రోజన్ వల్ల. పబ్బులో పట్టింది బాగుంటుంది. డబ్బాలోది పర్వాలేదు.

ఇక బ్రస్సెల్స్‌లోని కాంటియోన్ అనే బీరు తయారీశాల. ఇక్కడ పులియబెట్టే ఈస్ట్ వేయరు. ఉడికిన ధాన్యపు రసాన్ని చలికాలం రాత్రి అటక మీద వెడల్పాటి రాగి తొట్టిలో చల్లారబెడతారు. గాలిలోవీ, ఆ పాత కట్టడంలోవీ సూక్ష్మజీవులు వాటంతటవే అందులో చేరతాయి. ఆ తర్వాత అది పీపాల్లో మూడేళ్ల దాకా ఊరుతుంది. ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల రసాలు కలిపి సీసాకెత్తితే గ్యూజ్ అంటారు. మొదటి గుక్కకే పళ్లు పులిసిపోయాయి, చింతచిగురంత పులుపు. చుట్టూ ఉన్నవాళ్లు ముఖం చిట్లించారు. నాకు మాత్రం ఇల్లు గుర్తొచ్చింది. మా నల్గొండ వైపు కల్లు కూడా ఎవరూ ఏమీ వేయకుండానే లొట్టిలో తనంతట తాను పులుస్తుంది కదా.

ఇండియాకి రెండు లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు. ఆ ఏడాది 750 మిల్లీలీటర్ల గ్యూజ్ సీసాలు రెండు బట్టల మధ్య చుట్టి తెచ్చాను. మా నాన్న చిన్నప్పటినుంచీ ఈతకల్లు తాగిన మనిషి. గ్లాసు వాసన చూసి, ఒక గుక్క పుక్కిట పట్టి మింగి, "ఇది పొద్దటి కల్లు కాదు బిడ్డా, పొద్దుమీకినంక లొట్టిల మిగిలిన కల్లు" అన్నాడు. నా నోటుబుక్కులో గ్యూజ్ గురించి రెండు పేజీలున్నాయి. అంతకంటే సరైన మాట అందులో లేదు.

తేదీ నియమం తిరగబడేదీ ఒకటుంది, బెల్జియం మఠంలో చేసే ఓర్వాల్. అందులో బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ వేసి సీసాకెత్తుతారు. అది సీసాలో మిగిలిన తీపిని నెలల తరబడి తింటూనే ఉంటుంది. ఒకే తేదీ ఉన్న ఎనిమిది సీసాలు కొని, చీకటి గదిలో పెట్టి, రెండు నెలలకొకటి తీశాను. మొదటిదాంట్లో నారింజతొక్క, పూల వాసన, గట్టి చేదు. ఆరో నెలకి పూలు తగ్గి, పశువుల కొట్టంలో ఎండుగడ్డి వాసన మొదలైంది. ఏడాదికి చేదు కిందికి దిగి, తీపి అన్నదే లేకుండా పొడిపొడిగా అయింది. నాకు ఆరో నెలదే అన్నిటికన్నా నచ్చింది, ఇంకెవరికైనా మొదటిదే నచ్చొచ్చు. ధర మామూలు జర్మన్ బీరుకి రెండింతలకు పైనే, అయినా మళ్లీ కొంటాను. ఎనిమిదోది ఇంకా తీయలేదు. ఈ దసరాకి నాన్న ఇక్కడికి వస్తున్నాడు, అప్పటిదాకా ఉంచుతున్నాను.