పాత కారు కొనే ముందు ఇంజిన్‌ను రెండుసార్లు వినండి

నల్లగొండ చుట్టుపక్కల పాత కారు కొనాలని చూస్తున్న వారందరూ అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది ఒక్కసారి చదవాలని కోరుతున్నాను. నేను లక్షా అరవై వేలు పెట్టి 2009 మోడల్ పెట్రోల్ కారు కొన్నాను. ఇంజిన్ లోపల క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) బేరింగు అరిగిపోయి ఉన్న సంగతిని అమ్మిన వ్యక్తి పనిగట్టుకుని దాచాడు. ఎలా దాచాడో తెలిస్తే మీరు మోసపోకుండా ఉంటారు.

కారు చూడటానికి ఉదయం ఎనిమిదింటికే వెళ్లినా అప్పటికే బానెట్ వేడిగా ఉంది. అడిగితే, "కడిగిద్దామని బయటికి తీస్కపోయినం సార్" అన్నాడు. ఏసీ వేసి, పాటలు పెట్టి, క్లాక్ టవర్ దాకా తిప్పి తీసుకొచ్చాడు. ఇంజిన్ మెత్తగానే నడిచింది. అసలు కంపెనీ చెప్పిన గ్రేడుకు బదులు అందులో చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి ఉందని తరువాత తెలిసింది. చిక్కటి ఆయిల్ అరిగిన బేరింగు సందులో పరుపులా నిలిచి కొంతకాలం చప్పుడును మింగేస్తుంది. ఒకసారి స్టార్ట్ అయ్యాక, ఇంజిన్ బాగా వేడెక్కి ఆయిల్ పలచబడితే తప్ప లోపం బయటపడదు. రెండు కిలోమీటర్ల ప్రయాణంలో అది జరగదు.

మూడు వారాల తరువాత అమ్మానాన్నలను తీసుకుని దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం బయలుదేరాను. మన్ననూరు దాటి ఘాటు ఎక్కుతుండగా ఇంజిన్‌లోంచి టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపమేదీ వెలగలేదు కాబట్టి నెమ్మదిగా వెళ్లి వచ్చేశాను. తిరిగి వచ్చాక చూపించిన మెకానిక్ అది పెట్రోల్ నాకింగ్ అనీ, కార్బన్ పట్టిందనీ చెప్పి, ప్లగ్గులు, ఆయిల్ మార్చి, కార్బన్ తీసి ఆరున్నర వేలు తీసుకున్నాడు. కొత్త ఆయిల్ వల్ల నాలుగు రోజులు చప్పుడు తగ్గింది. నయమైందనుకుని హైదరాబాద్‌కు రెండుసార్లు వెళ్లి వచ్చాను. ఆ తిరుగుడే క్రాంకు మీద గీతలు పడేలా చేసింది.

ఈ రెండు చప్పుళ్లకూ ఉన్న తేడా నాకు ముందే తెలిసి ఉంటే అంత దూరం వచ్చేది కాదు. పెట్రోల్ నాకింగ్ రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు పలచగా వినిపిస్తుంది; ఎత్తు ఎక్కేటప్పుడు, పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వచ్చి, గేరు తగ్గించగానే పోతుంది. స్పార్కు టైమింగ్ తేడా, కార్బన్, ఇంజిన్ అతిగా వేడెక్కడం వంటివి దానికి కారణాలు. బేరింగు చప్పుడు అలా కాదు. అది అడుగు నుంచి బరువుగా, సుత్తితో కొట్టినట్టు వస్తుంది, ఇంజిన్ వేగంతోపాటు పెరుగుతుంది, బండి నిలబెట్టి రేజ్ చేసి కాలు తీసినప్పుడు మరింత స్పష్టంగా వినిపిస్తుంది.

చివరికి తెలిసినవారు ఒక పెద్దాయన దగ్గరికి పంపారు. ఆయన ఒక్క నట్టు కూడా విప్పకుండా, పొడవాటి స్క్రూడ్రైవర్ కర్రపిడిని చెవికి ఆనించుకుని, మొనను మొదట పైమూత మీద, తరువాత కింద ఆయిల్ చాంబర్ మీద పెట్టి విన్నారు. ఆ తరువాత ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టరు తీసి మళ్లీ పెడుతూ పోయారు. మూడో దానిది తీయగానే చప్పుడు సగానికి తగ్గింది. ఆ సిలిండర్‌లో పేలుడు లేకపోతే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ మీద బరువు పడదు, అరిగిన బేరింగు కొట్టుకోదు. "సారూ, ఇది పెట్రోల్ సప్పుడు గాదు, కిందికెల్లి వస్తుంది. ఇగ ఒక్క కిలోమీటరు గూడ నడపకుండ్రి" అన్నారు.

ఆయిల్ ప్రెషర్ చూడటానికి మీటరు బిగించేందుకు ఆయిల్ దీపాన్ని వెలిగించే స్విచ్ దగ్గరికి చేయి పెట్టినప్పుడు అసలు మోసం కనిపించింది. స్విచ్‌కు రావలసిన వైరును ఊడదీసి, కొసకు నల్ల టేపు చుట్టి, వెనక్కి దోపారు. అందుకే ఘాటు మీద దీపం వెలగలేదు. తాళం తిప్పగానే, ఇంజిన్ స్టార్ట్ కాకముందు, ఆ ఎర్రటి ఆయిల్ దీపం తప్పనిసరిగా వెలగాలి; స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. నా కారులో అది ఒక్కరోజు కూడా వెలగలేదు, నేను గమనించలేదు. వేడి ఇంజిన్ ఐడిలింగ్‌లో మీటరు 5 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మాత్రమే చూపింది.

చాంబర్ దించితే అడుగున నల్లటి జిగురు పేరుకుని ఉంది, ఆయిల్‌ను వడకట్టే స్ట్రైనర్ జాలీ సగం మూసుకుపోయింది. బేరింగుకూ క్రాంకుకూ మధ్య ఉండే సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. అందులో ఆయిల్ పొర తెగితే లోహం లోహాన్ని తింటుంది. మూడో బేరింగు పైపూత పోయి రాగి రంగు తేలింది. క్రాంక్ మీద గోరు పెట్టి లాగితే గీతలు తగిలాయి. అన్ని సిలిండర్లలోనూ కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) 165 పీఎస్ఐకి తగ్గలేదు కాబట్టి పిస్టన్ల జోలికి వెళ్లలేదు. మరో గ్యారేజీలో మాత్రం కంప్రెషన్ చూడకుండానే ఇంజిన్ బోరుకొచ్చిందని (సిలిండర్లు అరిగాయని), డెబ్బై ఐదు వేలు అవుతుందని అన్నారు. క్రాంకును 0.25 మిల్లీమీటర్లు గ్రైండింగ్ చేయించి, దానికి తగ్గ బేరింగులు, కొత్త ఆయిల్ పంపు వేయడానికి నాకు మొత్తం నలభై ఒక్క వేలు అయ్యాయి. ఇప్పుడు వేడి మీద ఐడిలింగ్‌లో మీటరు 22 చూపిస్తోంది.

కాబట్టి కారు చూడటానికి వస్తున్నామని, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి; వేడిగా ఉంటే మరో రోజు వస్తామని తిరిగి వచ్చేయండి. ఆయిల్ దీపం వెలిగి ఆరుతోందో లేదో చూసి, చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ ఇంకా బేరింగులకు చేరకముందు వచ్చే మొదటి స్టార్ట్ చప్పుడు మీ చెవులతో వినండి. తరువాత పాటలు, ఏసీ ఆపించి కనీసం నార్కట్‌పల్లి దాకా నడిపి వచ్చి, ఇంజిన్ ఆపకుండానే బానెట్ ఎత్తి రెండోసారి వినండి. దానికి ఒప్పుకోని వాడి దగ్గర కొనవద్దు. ఇంజిన్ స్థితి గురించి చెప్పే మాటలను అమ్మకం కాగితంలో రాయించుకోండి. నా కాగితంలో ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే "అప్పుడు బాగానే ఉండె గద సార్" అని అమ్మినవాడు చేతులు దులుపుకున్నాడు. అయినా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాను. ఐదు లక్షల లోపు విలువకు రుసుము ఉండదు, గడువు రెండేళ్లు. టేపు చుట్టిన ఆ వైరు ఫోటో, అరిగిన బేరింగు ముక్కలు అందుకోసమే దాచిపెట్టాను.