రాస్ప్‌బెర్రీ పై 4, లిబ్రెఎలెక్: టీవీ కింద పెట్టుకోవడానికి ఎవరికి పనికొస్తుంది?

ముందే చెప్పేస్తున్నా, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో చూడటమే మీ పనైతే ఈ చిన్న కంప్యూటర్ బోర్డు జోలికి పోవద్దు. వాటిలో 4కే రావాలంటే వైడ్‌వైన్ ఎల్1 (వీడియోలు కాపీ కాకుండా చూసే రక్షణలో పై స్థాయి) ఉండాలి, అది ఈ బోర్డుకి లేదు. యాడ్‌ఆన్‌లు (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) పెట్టి ఎలాగోలా నడిపించినా అవతలివాళ్లు ఏదో మార్చినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తుంది. మామూలు స్ట్రీమింగ్ స్టిక్ కొనుక్కుంటే హాయి.

ఇంట్లో ఇంకో మూల ఒక సర్వర్ ఉండి, అందులో మీ సొంత వీడియోలు, ట్యూనర్ (టీవీ సిగ్నల్ పట్టే పరికరం) నుంచి టీవీహెడ్‌ఎండ్ అనే సర్వర్ ప్రోగ్రాం అందించే ఛానళ్లు ఉన్నాయా, అప్పుడు మాత్రం దీన్ని మించింది నాకు కనబడలేదు. లిబ్రెఎలెక్ అంటే కోడి (Kodi) అనే మీడియా ప్లేయర్ ప్రోగ్రాంని నడపడానికి సరిపోయేంత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, అంతే. ఎస్‌డీ కార్డులోకి ఎక్కించి, బోర్డులో పెట్టి ఆన్ చేస్తే నేరుగా కోడి వస్తుంది. డెస్క్‌టాప్ లేదు, ప్రకటనలు అసలే లేవు. టీవీహెడ్‌ఎండ్ యాడ్‌ఆన్‌లో సర్వర్ అడ్రస్ ఇస్తే (పోర్టు 9982) ఛానళ్లు, గైడ్, రికార్డింగులు అన్నీ వచ్చేస్తాయి. 2 జీబీ ర్యామ్ చాలు, ఈ పనికి 8 జీబీది కొనడం దండగ.

నాకు బాగా నచ్చింది సీఈసీ, అంటే హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా టీవీ రిమోట్ ఆదేశాలు బోర్డుకి అందే సదుపాయం. టీవీ రిమోట్‌తోనే కోడి మొత్తం నడుస్తుంది, వేరే కీబోర్డు అక్కర్లేదు, కాబట్టి ఇంట్లో ఎవరికీ ఏమీ నేర్పించే పని లేదు. టీవీ సెట్టింగ్స్‌లో ఇది సీఈసీ అనే పేరుతో ఉండకపోవచ్చు, శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్ అని ఉంటుంది, వెతికి ఆన్ చేయండి.

చిరాకు పెట్టేవీ ఉన్నాయి. హెచ్‌డీఎంఐ పోర్టులు మైక్రో సైజువి, వేరే కేబుల్ కావాలి, అది కూడా పవర్ పోర్టు పక్కనున్న దాంట్లోనే పెట్టాలి. పాత ఫోన్ ఛార్జర్‌తో కానిచ్చేద్దాం అనుకోకండి, దీనికి 5 వోల్టులు 3 ఆంపియర్లు నిలకడగా కావాలి, లేకపోతే తెర మూల మెరుపు గుర్తు వస్తుంది, పెట్టె నత్తలా నడుస్తుంది. స్విచ్ బోర్డు దగ్గర పవర్ టక్కున తీసేసే అలవాటుంటే ఎస్‌డీ కార్డు ఏదో ఒకరోజు పాడవుతుంది, కోడి మెనూలోంచే ఆపండి. ఇంకొకటి, వైఫై కంటే లాన్ కేబుల్ వేస్తేనే నిశ్చింత. లైవ్ ఛానల్‌కి బఫర్ (ముందుగా నింపి ఉంచుకునే వీడియో) తక్కువ, కాస్త సిగ్నల్ తడబడినా బొమ్మ ఆగిపోతుంది.

మరి రాస్ప్‌బెర్రీ పై 5 కొనాలా? పేరుకి కొత్తదే, వేగమైనదే, కానీ అందులో హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌ని విప్పే హార్డ్‌వేర్ డీకోడర్ తీసేశారు, దాని తర్వాతి ఫార్మాట్ హెచ్ఈవీసీకే ఉంచారు. ప్రాసెసర్ బలంతో 1080పీ హెచ్.264 ఆడేస్తుందనుకోండి, ఇబ్బందేం లేదు. 3.5 ఎంఎం ఆడియో జాక్ కూడా ఎగిరిపోయింది, పాత స్పీకర్లున్నవాళ్లు చూసుకోవాలి. దీని సొంత పవర్ అడాప్టర్ 5 ఆంపియర్లది. పవర్ బటన్ ఒక్కటి మాత్రం పై 4లో కూడా ఉంటే బాగుండు అనిపిస్తుంది. టీవీ క్లయింట్ (సర్వర్‌లో ఉన్నవి టీవీలో చూపించే పెట్టె) కోసమే అయితే నేను పై 4నే తీసుకోమంటాను, ఇప్పటికే పై 5 చేతిలో ఉంటే అదే పెట్టేయండి.