ఆకు కణం నుంచి మొక్క: గుంటూరులో ఐదు రోజుల ప్రయోగశాల శిక్షణ

పదిహేనేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతున్నాను గాని, ఆకులోంచి విడదీసిన ఒక్క కణం పూర్తి మొక్కగా ఎదగగలదన్న మాటను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడమే తప్ప, కళ్లారా చూసింది లేదు. అందుకే గుంటూరులోని ఒక ప్రైవేటు టిష్యూ కల్చర్ (మొక్కల కణాలను, కణజాలాన్ని పాత్రల్లో పెంచే) ప్రయోగశాల శిక్షణ ఇస్తోందని తెలియగానే వేసవి సెలవుల్లో చేరాను.

మొదటి రెండు రోజుల బోధనకు వంక పెట్టలేను. ప్రయోగానికి తీసుకున్నది పొగాకు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న ఈ ఊళ్లో ఆ మొక్కను సరుకుగానే చూస్తాం. అయితే 1902లో వృక్షశాస్త్రవేత్త హేబర్లాంట్ విడి ఆకు కణాలను బతికించగలిగినా అవి విభజన చెందక ఆగిపోయిన ప్రయత్నం, 1971లో తకేబే, లబీబ్, మెల్కర్స్ అనే శాస్త్రవేత్తల చేతుల్లో ఫలించింది పొగాకు ఆకు కణాలతోనే. కణకవచం తొలగించిన ఆ కణాల నుంచి వారు పూర్తి మొక్కలను సాధించారు.

మేము ఆకు అడుగు పొరను పట్టకారుతో ఒలిచి, కణకవచాన్ని కరిగించే సెల్యులేజ్, పెక్టినేజ్ ఎంజైముల ద్రావణంలో రాత్రంతా చీకట్లో ఉంచాం. అందులో నీరు కణాల్లోకి అతిగా చొరబడకుండా ఆపే మానిటాల్ (చక్కెర వంటి పదార్థం) ఎందుకు కలపాలో శిక్షకురాలు నోటిమాటగా చెప్పి ఊరుకోలేదు; కవచం లేని కణాలను మామూలు నీటి చుక్కలో వేసి, అవి ఉబ్బి పగిలిపోవడాన్ని మైక్రోస్కోపులో చూపించారు. ద్రవాభిసరణ గురించి నేను ఇన్నాళ్లూ చెప్పిన పాఠాలన్నీ ఆ ఒక్క చుక్క ముందు చిన్నబోయాయి.

లోపమల్లా కాలపట్టికలో ఉంది. కణకవచం తిరిగి ఏర్పడి మొదటి విభజన జరగడానికే కొన్ని రోజులు పడుతుంది. కాలస్ (ఇంకా వేరుగానో చిగురుగానో రూపుకట్టని కణాల గుంపు) ముద్దగా పెరగడానికి, సైటోకైనిన్ అనే హార్మోను పాలు ఎక్కువగా ఉన్న పోషక మాధ్యమంలో చిగుళ్లు తొడగడానికి, ఆపైన ఆక్సిన్ అనే మరో హార్మోనుతో వేర్లు రావడానికి వారాలకు వారాలు కావాలి. కాబట్టి చివరి మూడు రోజుల్లో మేము చూసిన చిగుళ్లు, వేర్లు మా కణాలవి కావు, అంతకు ముందు జట్టు వారివి. ప్రకటనలో ఈ సంగతి స్పష్టంగా చెప్పి ఉండాల్సింది. పైగా నాలుగో రోజు మాధ్యమం మారుస్తుండగా కరెంటు పోయి, సూక్ష్మక్రిములు సోకకుండా వడకట్టిన గాలి వీచే లామినార్ ఫ్లో ఆగిపోయింది. ఆ పళ్లేల్లో కొన్నింటికి బూజు పట్టిందని తరువాతి వారం ఫోను చేసి చెప్పారు. దాచకుండా చెప్పినందుకు గౌరవం కలిగింది గాని, శుభ్రతే ప్రాణమైన పనికి బ్యాటరీ ఏర్పాటు లేకపోవడం క్షమించదగింది కాదు.

అధ్యాపకులూ పీజీ విద్యార్థులూ నిస్సందేహంగా చేరవచ్చు. రుసుము కట్టే ముందు, మీ పళ్లేలను చూసుకోవడానికి మళ్లీ రానిస్తారా అని మాత్రం అడగండి. నేను అడిగితే సరేనన్నారు. ఆరు వారాల తరువాత వెళ్లేసరికి, బూజు సోకని ఒక పళ్లెంలో, నేను ఒలిచిన ఆకు తాలూకు కణాలు ఆవగింజంత పచ్చని ముద్దలై ఉన్నాయి.