కాన్‌ఫోకల్ నేర్చుకోవడానికి కన్వలేరియా స్లైడు: పిన్‌హోల్ వరకు భేష్, రంగుల దగ్గరే తంటా

ఐబయాలజీ వీడియోలు, నికాన్ మైక్రోస్కోపీయు పాఠాలు ఎన్ని చూసినా కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులో (లేజర్‌తో శాంపిల్‌ని ఒక్కో పొరగా బొమ్మ తీసేది) పిన్‌హోల్ సంగతి, అంటే ఫోకస్‌లో లేని వెలుగును అడ్డుకునే చిన్న రంధ్రం సంగతి, సగమే తలకెక్కుతుంది. మిగతా సగం కన్వలేరియా స్లైడు పెట్టాకే. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ మొక్క దుంపకాండాన్ని అడ్డంగా కోసి రంగు పట్టించిన ముక్క ఇది. చాలా ల్యాబుల్లో మైక్రోస్కోపు పక్కనే ఉంటుంది. ఎంతమంది చేతులు మారినా, ఎంత లేజర్ తగిలినా వెలుగు తగ్గినట్టే అనిపించదు.

63ఎక్స్/1.4 ఆయిల్ ఆబ్జెక్టివ్ (63 రెట్లు పెద్దది చేసే లెన్సు, 1.4 అంటే వెలుగు సేకరించే శక్తి కొలత), 488 నానోమీటర్ల లేజర్, పిన్‌హోల్ 1 ఎయిరీ యూనిట్ (ఒక వెలుగు చుక్క లెన్సు గుండా వచ్చి పరుచుకునే గుండ్రం వెడల్పు). కణాల గోడలు గీత గీసినట్టు తేటగా వస్తాయి. పిన్‌హోల్‌ని 5 యూనిట్లకు తెరిచి, ప్రకాశం సమానమయ్యేలా గెయిన్ (డిటెక్టర్ సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో ఆ సెట్టింగు) తగ్గించండి. పై పొరల వెలుగూ కింది పొరల వెలుగూ కలిసి గోడలకు పొగమంచు పట్టినట్టవుతుంది. 0.3కి మూస్తే తేట కాస్త పెరుగుతుంది గానీ వెలుగు పడిపోయి బొమ్మంతా ఇసక జల్లినట్టుంటుంది. ఇదే పని 10ఎక్స్/0.3తో చేస్తే పెద్దగా తేడా తెలియదు. ఆ లెన్సుకి 1 యూనిట్ దగ్గరే ఆప్టికల్ సెక్షన్ (ఒక బొమ్మలో పట్టే పొర మందం) పది మైక్రాన్లు దాటుతుంది, ముక్క మందం కూడా అంతకంటే మరీ ఎక్కువేమీ ఉండదు. (ఆయిల్ లెన్సు తర్వాత డ్రై 20ఎక్స్‌కి వెళ్తే కవర్‌స్లిప్ తుడవండి. మసకకి సగంసార్లు అదే కారణం.)

అసలు గొడవ రెండో ఛానెల్ (ఇంకో రంగు వెలుగు పట్టే డిటెక్టర్) తెరిచాక మొదలవుతుంది.

488, 561 లేజర్లు ఒకేసారి వెలిగించి, పచ్చ డిటెక్టర్‌కి 500–550 నానోమీటర్లు, ఎరుపుకి 570–650 అని పెట్టండి. రెండూ అద్భుతంగా వస్తాయి, కలిపితే పసుపు. కొత్తవాళ్లు రెండు రంగులు పట్టాయని మురిసిపోతారు. పట్టింది వెడల్పాటి ఉద్గారం, అంటే ఈ ముక్క వెదజల్లే వెలుగే చాలా తరంగదైర్ఘ్యాల మీద పరుచుకుని ఉంటుంది. పచ్చలో మొదలైన దాని తోక ఎరుపు దాకా సాగుతుంది. 561 ఆపేసి, ఎరుపు డిటెక్టర్ గెయిన్ ముట్టుకోకుండా 488 ఒక్కటే ఉంచండి, ఎరుపు బొమ్మ ఇంకా కనబడుతూనే ఉంటుంది. పోనీ సీక్వెన్షియల్ స్కాన్ (లేజర్లని ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి తీయడం) పెట్టినా, 561కి కూడా ఈ ముక్క వెలుగుతుంది కాబట్టి బొమ్మలు మళ్లీ దాదాపు ఒకేలా వస్తాయి. అంటే సీక్వెన్షియల్ సరిగ్గా పెట్టారో లేదో కూడా ఈ స్లైడు మీద తేలదు!

పసుపు కనబడితే రెండు రంగులూ ఉన్నాయనుకునే ఈ అలవాటుతో అసలు శాంపిల్‌కి వెళ్తారు. ఒక ప్రొటీన్‌కి తగిలించిన జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగేది) గట్టిగా, ఇంకోదానికి తగిలించిన ఎంచెర్రీ (ఎర్రగా వెలిగేది) నీరసంగా ఉంటే ఎరుపు గెయిన్ పెంచుతారు. దాంతో జీఎఫ్‌పీ తోక ఇంకా పైకి వస్తుంది. రెండు ప్రొటీన్లూ ఒకేచోట ఉన్నాయని పసుపు చుక్కలు చూపిస్తారు. 561 ఆపి చూడటం అర నిమిషం పని. జీఎఫ్‌పీ మాత్రమే ఉన్న కంట్రోల్ స్లైడుని అదే సెట్టింగులతో తీస్తే పచ్చ వెలుగు ఎరుపు ఛానెల్లోకి ఎంత కారుతోందో లెక్క కూడా తెలుస్తుంది.

వెలుగు తగ్గదని పైన మెచ్చుకున్నాను కదా, అందులోనూ ఒక మెలిక ఉంది. ఈ స్లైడు మీద 1 శాతం లేజర్‌కే బొమ్మ వెలుగుతో నిండిపోతుంటే, శాంపిల్ కళ్లముందే వెలిసిపోతున్నప్పుడు లేజర్ తగ్గించాలా, యావరేజింగ్ (ఒకే బొమ్మని ఎన్నిసార్లు తీసి సగటు చేయాలో) 4 నుంచి 2కి దించాలా అని ఆలోచించే అవసరమే రాదు. 8 బిట్ బొమ్మలో గరిష్ఠమైన 255 తాకిన చోట్లని రేంజ్ ఇండికేటర్ ఎర్రగా చూపించడం మాత్రం దీని మీద బాగా ఒంటబడుతుంది.

రంగుల పాఠానికి ఫ్లూయోసెల్స్ (రంగు పట్టించి అమ్మే కణాల స్లైడ్లు) మొదటి నంబరు స్లైడు నయం. ఆవు రక్తనాళ కణాల్లో కేంద్రకాలకు డాపీ (నీలం రంగు), కణంలోని పోగుల ప్రొటీన్ ఆక్టిన్‌కి అలెక్సా 488 (పచ్చ), మైటోకాండ్రియాకి మైటోట్రాకర్ రెడ్ (ఎరుపు). ఆకారాలు వేరు కాబట్టి మైటోకాండ్రియా ఛానెల్లో ఆక్టిన్ పోగులు కనబడితే కారుతోందని అక్కడికక్కడే తెలిసిపోతుంది. కాకపోతే అది వెలిసిపోతుంది, చేతులు మారే చోట ఎక్కువ కాలం నిలవదు.

నా పని ఎక్కువగా మొక్కల కణజాలం, ఒకే రంగు. అందుకే నాకు కన్వలేరియా ఇప్పటికీ చాలు. రెండు ప్రొటీన్ల పనికి, అదీ గంట లెక్కన డబ్బు కట్టే మైక్రోస్కోపు మీద దిగేవాళ్లయితే, పిన్‌హోల్‌కి పావుగంట ఇచ్చి స్లైడు మార్చేయండి.