విద్యుత్ ద్విధ్రువ భ్రామకం: న్యూట్రాన్‌లో వెతకాలా, ఎలక్ట్రాన్‌లోనా?

ఒక కణానికి దాని స్పిన్ (కణానికి సహజంగా ఉండే భ్రమణ లక్షణం) దిశలో శాశ్వత విద్యుత్ ద్విధ్రువ భ్రామకం (ధన, ఋణ ఆవేశాల కేంద్రాలు కాస్త ఎడంగా ఉండటాన్ని తెలిపే కొలత) ఉన్నట్లు తేలితే, దర్పణ సౌష్ఠవం (అద్దంలో చూసినా ప్రకృతి నియమాలు మారకపోవడం), కాలవిపర్యయ సౌష్ఠవం (కాలాన్ని వెనక్కి నడిపినా అవి మారకపోవడం) రెండూ భంగమైనట్లే. ఆ జాడను ఏ కణంలో వెతకాలన్నది ప్రయోగకర్తలకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న.

ఖర్చు: న్యూట్రాన్లకు రియాక్టరో, యాక్సిలరేటరో తప్పదు. ఎలక్ట్రాన్ ప్రయోగానికి లేజర్లున్న విశ్వవిద్యాలయ ప్రయోగశాల చాలు.

శ్రమ: అతిశీతల న్యూట్రాన్లను పాత్రలో నిమిషాల తరబడి నిలిపి, సెంటీమీటరుకు సుమారు 10 కిలోవోల్టుల విద్యుత్ క్షేత్రంలో వాటి స్పిన్ అక్షం తిరిగే పౌనఃపున్యాన్ని కొలుస్తారు; ద్విధ్రువ భ్రామకం ఉంటే ఆ పౌనఃపున్యం కాస్త మారుతుంది. ఆవేశమున్న ఎలక్ట్రాన్‌ను అలా పెడితే అది క్షేత్రంతోపాటే కొట్టుకుపోతుంది కనుక, థోరియం మోనాక్సైడ్ వంటి ధ్రువ అణువులోని ఎలక్ట్రాన్‌ను పరిశీలిస్తారు. అక్కడ దానిపై పనిచేసే ప్రభావక క్షేత్రం సెంటీమీటరుకు దాదాపు 78 గిగావోల్టులు. లోహపు పలకల మధ్య అంతటి క్షేత్రాన్ని ఎవరూ సృష్టించలేరు. ఈ పద్ధతి సొగసంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం.

ప్రమాదం: అయస్కాంత క్షేత్రంలోని స్వల్ప మార్పు రెండింటినీ మోసగించగలదు. న్యూట్రాన్ల పాత్రలోనే పాదరసం-199 పరమాణువులను ఉంచి ఆ మార్పును పసిగడతారు. అణువుల విషయంలో అదనపు చిక్కు ఉంది: సంకేతం కేంద్రకం, ఎలక్ట్రాన్‌ల మధ్య చర్య నుంచి కూడా రావచ్చు.

ఫలితం: ఇంతవరకు రెండు చోట్లా సున్నాయే. న్యూట్రాన్‌కు 2020లో కుదిరిన గరిష్ఠ పరిమితి 1.8×10⁻²⁶, ఎలక్ట్రాన్‌కు 2023లో 4.1×10⁻³⁰ ఎలక్ట్రాన్ ఆవేశం-సెంటీమీటర్లు.

బలమైన చర్యలోని (కేంద్రకాన్ని కట్టి ఉంచే బలంలోని) సౌష్ఠవ భంగాన్ని పరీక్షించాలంటే న్యూట్రానే సరైనది. లెప్టాన్లతో (ఎలక్ట్రాన్ కుటుంబపు కణాలతో) ముడిపడే కొత్త భారకణాల జాడ కోసమైతే, చిన్న బృందంతో మొదలుపెట్టేవారికి అణువులోని ఎలక్ట్రానే మేలు.