లాంగ్ రైడ్లకు రోడ్ సైకిల్: లక్ష, లక్షన్నరలో ఏది మేలు?

"అన్నా, సోరా సరిపోతుందా, టియాగ్రా దాకా పోవాలా?" సైకిల్ కొనబోతూ నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది మొదటి ప్రశ్న ఇదే. సోరా, టియాగ్రా అంటే సైకిల్ గేర్లు, బ్రేకుల సెట్ల పేర్లు. హైబ్రిడ్ (తిన్నటి హ్యాండిల్ ఉండే మామూలు సైకిల్) మీద ఏడాదో రెండేళ్లో హైదరాబాద్ గండిపేట చుట్టూ తిరిగి, ఇప్పుడు 200 కిలోమీటర్ల బ్రెవేకి (నిర్ణీత టైములో పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్) పేరు ఇద్దామనుకుంటున్నవాళ్లు వీళ్లంతా. బడ్జెట్ లక్ష నుంచి లక్షన్నర. నేనూ ఈమధ్యే ఇదే రేంజిలో సైకిల్ మార్చాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే జవాబంతా ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను.

గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్) సంగతి ముందే తేల్చేద్దాం. షిమానో కంపెనీ సెట్లలో క్లారిస్‌కి వెనక 8 గేర్లు, సోరాకి 9, టియాగ్రాకి 10, 105 అనే సెట్లో పాతదానికి 11, కొత్తదానికి 12. పైకి వెళ్లేకొద్దీ గేరుకీ గేరుకీ మధ్య తేడా తగ్గుతుంది, లివర్ మెత్తగా పడుతుంది, బరువు కొన్ని వందల గ్రాములు తగ్గుతుంది. బాగుంటుంది, కాదనను. కానీ రెండు పెద్ద బాటిళ్లు నింపుకుంటే నీళ్లే కిలోన్నర. సరిగ్గా ట్యూన్ చేసిన క్లారిస్ మీద 600 కిలోమీటర్ల బ్రెవే కూడా హాయిగా పూర్తి చేయొచ్చు. షిమానో ఇప్పుడు కింది మూడు సెట్ల చోట క్యూస్ అనే కొత్త సెట్ తెస్తోంది, షాపులో ఆ పేరు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. గ్రూప్‌సెట్ ఒక్క మెట్టు పైకి పోవడం కోసం ఫ్రేమ్ విషయంలో రాజీపడొద్దన్నదే నా మాట.

బ్రెవే టైమింగులు ఒకసారి చూడండి. 200కి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. టీలు, టిఫిన్లు, కంట్రోల్ (దారిలో ముద్ర వేయించుకునే చోటు) దగ్గర ఆగడాలు, పంక్చర్లు అన్నీ కలుపుకుని గంటకు 15 కిలోమీటర్లు పడితే టైములోనే ఉన్నట్టు. అంత వేగం ఏ సైకిల్ మీదైనా వస్తుంది. పదో గంట దాటాక కూడా నడుము, చేతులు సహకరిస్తాయా అన్నదే అసలు సమస్య. దాన్ని తేల్చేది రోడ్డు. మన రోడ్లకు తగ్గ టైరు ఆ ఫ్రేమ్‌లో పడుతుందా లేదా అన్నది నేను అన్నిటికంటే ముందు చూసేది.

ఓఆర్‌ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లనే రానివ్వరు, ఇక మన సైకిళ్ల మాట చెప్పేదేముంది. మనకు దక్కేది సర్వీస్ రోడ్డు. లారీల నుంచి రాలిన ఇసుక, కంకర, గుర్తు కూడా వేయని స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం తర్వాత లేచిపోయిన తారు. విజయవాడ హైవే ఎక్కితే జంక్షన్లకు ముందు వరసగా రంబుల్ స్ట్రిప్స్, అంటే చక్రాలు అదిరేలా వేసిన చిన్న గట్లు. వికారాబాద్ వైపు మెయిన్ రోడ్డు వదిలి ఊళ్లలోకి తిరిగితే పైన తారు అరిగి రాళ్లు తేలిన సింగిల్ రోడ్లు. ఇవేవీ నానక్‌రాంగూడ సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఉండవు. 2023లో 23 కిలోమీటర్లతో ఆ ట్రాక్ తెరిచినప్పటి నుంచి చాలామంది టెస్ట్ రైడ్ అక్కడే చేస్తున్నారు. అంత నున్నటి దారి మీద ఏ సైకిలైనా బాగానే ఉంటుంది. స్నేహితుడి సైకిల్ దొరికితే సర్వీస్ రోడ్డు మీద ఒక గంట తొక్కి చూడండి.

డెబ్భై అయిదు కిలోల మనిషి 25 ఎంఎం టైరు మీద వెళ్లాలంటే గాలి 90 పీఎస్ఐ దాకా కొట్టాలి, లేదంటే గుంతలో పడగానే రిమ్ము ట్యూబుని కొరికేస్తుంది. అదే మనిషికి 32 ఎంఎం టైరులో 60 దగ్గరగా చాలు. ఈ తేడా ముందు తెలిసేది చేతులకే. వంద కిలోమీటర్లు దాటాక చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి, బ్రేక్ లివర్ పట్టుకున్నా పట్టుకున్నట్టే ఉండదు. అరచేతి అంచున పోయే అల్నార్ నరం హ్యాండిల్ మీద నలిగిపోవడం వల్ల వచ్చే బాధ ఇది. గ్లౌజులు, మందమైన బార్ టేప్ కొంత ఆదుకుంటాయి. రోడ్డు అదురుని కింద టైరులోనే చాలావరకు ఆపేస్తే పైన చేతులకు ఆ కష్టం తగ్గుతుంది. సన్న టైరు ఉంటేనే స్పీడ్ అన్న లెక్క కూడా పాతబడింది. ఒకప్పుడు 23 వాడిన ప్రొఫెషనల్ రేసర్లే ఇప్పుడు 28, ఆ పైన వాడుతున్నారు. గరుకు రోడ్డు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంటే మనం పెట్టిన బలంలో కొంత ఆ ఎగరడానికే ఖర్చవుతుంది.

టైరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫ్రేమ్‌లో, ఫోర్కులో చోటు లేకపోతే మాత్రం చేసేదేమీ లేదు. షాపుకి వెళ్లేటప్పుడు జేబులో 4 ఎంఎం ఎలెన్ కీ ఒకటి వేసుకెళ్లండి. టైరుకీ ఫోర్కుకీ మధ్య అటూ ఇటూ, పైనా పెట్టి చూడండి. తర్వాత సైకిల్ వెనక కూర్చుని, పెడల్ ఇరుసు వెనకాల, వెనక చక్రానికి అటూ ఇటూ పోయే గొట్టాలైన చెయిన్‌స్టేలు రెండూ కలిసే చోట చూడండి. ఎక్కువ ఫ్రేముల్లో ఇరుకు అక్కడే ఉంటుంది. కీ దూరకపోతే ఆ సైకిల్‌కి అంతకంటే లావు టైరు మరిచిపోవాల్సిందే. చేవెళ్ల, వికారాబాద్ పక్క నల్లరేగడి దారిలో వానకు ఒక్క అర కిలోమీటరు వెళ్లినా మట్టి ఆ సందులో ముద్దలా చేరి చక్రం తిరగనివ్వదు. అప్పుడు ఆ కాస్త చోటు విలువ తెలుస్తుంది.

ఇక సైకిళ్ల విషయానికొద్దాం. ఈ డబ్బుకి ఒక పక్క రేస్ తరహా సైకిళ్లు దొరుకుతాయి. సన్నగా, తేలిగ్గా, చూడగానే ముచ్చటేసేలా ఉంటాయి. రిమ్ బ్రేకులది తీసుకుంటే అదే ధరకు గ్రూప్‌సెట్ ఒక మెట్టు పైది వస్తుంది. పొద్దున్నే నెక్లెస్ రోడ్డు మీద గంటసేపు దంచి కొట్టి ఇంటికొచ్చేవాళ్లకి దీన్ని మించింది లేదు, మనస్ఫూర్తిగా చెబుతున్నా. కానీ మామూలు రిమ్ బ్రేక్ కాలిపర్ కింద 28 ఎంఎం పట్టడమే గగనం. హ్యాండిల్ కిందికి ఉంటుంది, కాబట్టి ఒంటి బరువు చేతుల మీద పడుతుంది. గేర్లు కూడా అంతే. ముందు పళ్లచక్రాలు 52/36 పళ్లతో, వెనక పెద్దది 28 పళ్లతో ఉన్న సైకిల్ మీద శ్రీశైలం డ్యామ్ దగ్గరికి దిగి మళ్లీ పైకెక్కడం ఊహించుకోండి, అదీ అప్పటికే రెండొందల కిలోమీటర్లు తొక్కిన కాళ్లతో. అన్నిటికంటే తేలిక గేరులోనూ పెడల్ ఒక్కసారి తిప్పితే చక్రం ఒకటింబావు చుట్టు పైగా తిరగాలి. ముందు 34, వెనక 34 ఉంటే సరిగ్గా ఒక్క చుట్టు. కాలి మీద భారం ఐదో వంతుకు పైగా తగ్గుతుంది.

రెండో పక్క ఎండ్యూరెన్స్ సైకిళ్లు, అంటే దూరం పోవడానికి చేసినవి. ఈ రేంజిలో జనం ఎక్కువగా అడిగేవి ట్రెక్ డొమానే ఏఎల్, జెయింట్ కాంటెండ్ ఏఆర్. రెండూ అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, డిస్క్ బ్రేకులు. హ్యాండిల్ కాస్త ఎత్తు, చక్రాల మధ్య దూరం కాస్త ఎక్కువ, అందుకే అలసిపోయిన చేతుల్లోనూ తిన్నగా పోతాయి. కొత్త డొమానే ఏఎల్‌లోనూ కాంటెండ్ ఏఆర్‌లోనూ 38 ఎంఎం దాకా టైరు పడుతుంది. మడ్‌గార్డులకు బోల్టు రంధ్రాలు ఉంటాయి. అంటే మన రోడ్ల మీద 32 వేసుకుని, చుట్టూ బురదకు చోటు వదిలి నిశ్చింతగా తొక్కొచ్చు.

ఈ రెంటిలో ఏది అంటే, డొమానే ఫ్రేమ్ పనితనం, పెయింటు చూస్తే వదలబుద్ధి కాదు. తర్వాత మంచి చక్రాలు, మంచి గ్రూప్‌సెట్ వేసుకుంటూ ఏళ్ల తరబడి అదే ఫ్రేమ్ మీద ఉందామనుకునేవాళ్లు అది తీసుకోవచ్చు. కాకపోతే అందులో కింది మోడల్ ఏఎల్ 2లో వచ్చేది క్లారిస్. కాంటెండ్ ఏఆర్ సీటుపోస్టు వెనకవైపు బల్లపరుపుగా, ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో ఉంటుంది. రంబుల్ స్ట్రిప్ మీద వెళ్లినప్పుడు అది కొంచెం వెనక్కి వంగి దెబ్బని మింగుతుంది. నేను తీసుకున్నది ఇదే. టైర్లు షాపు నుంచే 32 ఎంఎం ట్యూబ్‌లెస్ వచ్చాయి. హైవే అంచున పేలిపోయిన లారీ టైర్ల సన్న తీగలు మన పంక్చర్లకు పెద్ద కారణమని తొక్కేవాళ్లందరికీ తెలుసు. తీగ పీకగానే సీలెంట్ (టైరులో పోసే జిగురు ద్రవం) బుడగలా పొంగి ఆ రంధ్రాన్ని మూసేస్తుంటే, రోడ్డు పక్కన ఎండలో ట్యూబు మార్చే టెన్షన్ సగం తగ్గిపోతుంది. సీలెంట్ మాత్రం మన ఎండలకు త్వరగా ఆరిపోతుంది, కొన్ని నెలలకోసారి పోయించుకోవాలి.

బ్రేకుల దగ్గర కొందరు తర్జనభర్జన పడతారు. హైడ్రాలిక్ అయితే ఒక్క వేలితో ఆగుతుంది, అనంతగిరి గుట్ట వానలో దిగేటప్పుడు ఆ సుఖమే వేరు. కేబుల్‌తో పనిచేసే మెకానికల్ డిస్క్‌ని కాస్త గట్టిగా నొక్కాలి, అయితే ప్యాడ్ అరిగితే రోడ్డు పక్కనే ఎలెన్ కీతో సరిచేసుకోవచ్చు. ఒంటరిగా దూరం పోయేవాళ్లకి మెకానికల్ ఏమాత్రం తక్కువ కాదు.

లక్షకు బాగా లోపలే ముగించాలంటే డెకాథ్లాన్ ట్రైబన్ ఆర్‌సీ 500 తరహా సైకిల్ ఉంది. సోరా, మెకానికల్ డిస్క్, క్యారియర్‌కు రంధ్రాలు. బరువు ఎక్కువ, టైర్లు 28తో వస్తాయి. బ్రెవేకి ఏమాత్రం లోటు రానివ్వదు. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, మంచి సీటు వేసుకుంటే ఇంకేం కావాలి. మొదటి సూపర్ రాండొన్యూర్ సిరీస్ (ఒకే సీజన్లో 200, 300, 400, 600 బ్రెవేలన్నీ) చేద్దామనుకునే కాలేజీ పిల్లలకి నేను ఇదే చెబుతాను.

గ్రావెల్ సైకిల్ అంటే 40 ఎంఎం పైన టైర్లు, మరీ తేలికైన గేర్లు. మట్టిదారులు మీ ప్లానులో ఉంటేనే. సెకండ్‌హ్యాండ్ కార్బన్ రేస్ సైకిల్‌ని తెలిసినవాళ్ల దగ్గర తప్ప తీసుకోవద్దు, లోపల పగులు ఉంటే కంటికి కనపడదు. స్టీల్ ఫ్రేములు నాకు చాలా ఇష్టం కానీ ఈ ధరలో మన దగ్గర దొరకడం కష్టం. హైబ్రిడ్‌కే డ్రాప్ బార్ (కిందికి వంగిన హ్యాండిల్) బిగించుకునే ఆలోచన మానుకోండి, లివర్లు, కేబుళ్లు, కొలతలు అన్నీ మారి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

మొత్తం డబ్బు సైకిల్ మీదే పెట్టేయొద్దు. 300 నుంచి పైన అన్నీ రాత్రి పట్టే రైడ్లే కాబట్టి ముందు వెనక లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ తప్పవు. మంచి బిబ్ షార్ట్స్ (మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు), పంపు, టూల్ కిట్ కలిపి పదిహేను వేలు పక్కన పెట్టుకోండి. షాపులో మీ సైజు లేకపోతే, "స్టెమ్ మార్చి సరిచేస్తాం సార్" అంటే ఒప్పుకోవద్దు; స్టెమ్ అంటే హ్యాండిల్ని పట్టుకుని ఉండే ముక్క మాత్రమే. సైజు వచ్చేదాకా ఒక నెల ఆగండి. ట్యూబ్‌లెస్ ఉన్నా సన్న వాల్వు ట్యూబులు రెండు ఎప్పుడూ బ్యాగులోనే ఉండాలి. సిటీ దాటాక పంక్చర్ షాపులు ఎన్నో కనిపిస్తాయి కానీ మన సైజు ట్యూబు వాళ్ల దగ్గర ఉండదు.