కనెక్ట్ డైరెక్ట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కనెక్ట్ డైరెక్ట్ అంటే కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్. దీన్ని అమ్మిన స్టెర్లింగ్ కామర్స్ 2010లో మొత్తం ఐబీఎం చేతికి వెళ్లినా, మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థల భారీ కంప్యూటర్లు) వాళ్లం దీన్ని ఇప్పటికీ ఎన్‌డీఎం అన్న పాత పేరుతోనే పిలుస్తాం. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్ నుంచి లైనక్స్‌, విండోస్ సర్వర్లకు రాత్రి బ్యాచ్ ఫైళ్లు పంపడానికి నేను చాలా ఏళ్లుగా ఇదే వాడుతున్నాను. ధర ఎక్కువే, కానీ డబ్బు లెక్కలున్న ఫైళ్లకైతే నా ఓటు దీనికే.

ఎందుకంటే ఫైల్ చేరిందా లేదా అని ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. దీని స్టాటిస్టిక్స్ రికార్డు తీస్తే ఏ ప్రాసెస్ (ఫైల్ పంపే పని), ఏ నోడ్‌కి (అవతలి యంత్రానికి), ఎన్ని బైట్లు, ఏ రిటర్న్ కోడ్‌తో (సున్నా అంటే సక్సెస్) ముగిసిందో మొత్తం ఉంటుంది, ఆడిట్ వాళ్లు అడిగినప్పుడు అదే చూపిస్తాం. పెద్ద ఫైల్ వెళ్తుండగా లైన్ తెగితే, చెక్‌పాయింట్ పెట్టి ఉంటే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా నెట్‌వర్క్ మీద వెళ్లిపోతుంది. ఇక్కడ అవతలి నోడ్‌లో యూజర్ మ్యాపింగ్ (మా యూజర్‌ని అక్కడి యూజర్‌తో జత చేయడం) పెట్టుకుంటే జేసీఎల్‌లో, అంటే మెయిన్‌ఫ్రేమ్ జాబ్ స్క్రిప్ట్‌లో పాస్‌వర్డ్ రాయాల్సిన పనే లేదు, సెక్యూర్ ప్లస్ అనే భద్రతా ఆప్షన్ ఆన్ చేస్తే డేటా టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్‌లో వెళ్తుంది.

కొత్తవాళ్లు ముందు చూసుకోవాల్సింది మ్యాక్స్‌డిలే, అంటే జాబ్ ఎంతసేపు ఆగి చూడాలో చెప్పే సెట్టింగ్. ప్రాసెస్‌ని పంపే సబ్మిట్ కమాండ్‌లో అది ఇవ్వకపోతే ప్రాసెస్ క్యూలో పడగానే స్టెప్ సున్నా కోడ్‌తో అయిపోతుంది, ఆ తర్వాత కాపీ ఫెయిలైనా జాబ్‌లను వరుసగా నడిపే షెడ్యూలర్‌కి తెలియదు, తర్వాతి జాబ్ హాయిగా మొదలైపోతుంది! అన్‌లిమిటెడ్ అని ఇస్తే కాపీ పూర్తయ్యేదాకా జాబ్ ఆగుతుంది, అసలు కోడ్ వస్తుంది.

రెండోది డేటాటైప్ (ఫైల్‌ని టెక్స్ట్‌గా పంపాలా, బైనరీగా పంపాలా అన్నది), దీని దగ్గర మాత్రం చాలా టెన్షన్ పడాలి. ఫైల్‌లో కాంప్-3 ఫీల్డులుంటే (ఒక బైట్‌లో రెండంకెలు ఇరికించే కోబాల్ ప్యాక్డ్ సంఖ్యలు) టెక్స్ట్ మోడ్‌లో పంపకండి. 12345 అనే మొత్తం ప్యాక్డ్ రూపంలో హెక్స్‌లో 12 34 5సి అని ఉంటుంది, చివరి సి అంటే ప్లస్ గుర్తు. టెక్స్ట్ అనగానే మెయిన్‌ఫ్రేమ్ అక్షర కోడ్ ఎబ్‌సిడిక్ నుంచి మిగతా సర్వర్ల ఆస్కీకి మార్చే పని మొదలవుతుంది, 5సి అంటే నక్షత్రం గుర్తు అనుకుని దాన్ని 2ఏ చేసేస్తుంది, దాంతో సి పోయి ఏ వస్తుంది, చివరి అంకే 5 నుంచి 2కి మారిపోతుంది. కాపీకి మాత్రం రిటర్న్ కోడ్ సున్నాయే. అలాంటి ఫైళ్లను బైనరీలో పంపి అవతల కాపీబుక్ (ఏ ఫీల్డ్ ఎక్కడుందో చెప్పే కోబాల్ వివరణ) చూసి విప్పుకోవాలి, లేదా ఇవతలే ప్యాక్డ్ ఫీల్డులను మామూలు అంకెలుగా మార్చి పంపాలి. నేను రెండోదే చేయిస్తాను, అవతల కాపీబుక్ చదవగలిగేవాళ్లు ఉంటారన్న నమ్మకం లేదు.

నచ్చనిది మెసేజ్ ఐడీలు, ప్రతిదాని అర్థం వెతుక్కోవాల్సిందే. ఇక టీఎల్ఎస్‌కి వాడే సర్టిఫికెట్లు. ఒక భాగస్వామి సంస్థ వాళ్లు తమది రెన్యూ చేయడం మర్చిపోయారు, హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో జరిగే సర్టిఫికెట్ల తనిఖీ) ఫెయిలై మా ప్రాసెస్ రీట్రైలన్నీ అయిపోయి హోల్డ్ క్యూలో కూర్చుంది, తెల్లవారేదాకా అవతల ఫోన్ ఎత్తిన నాథుడు లేడు. అందుకే ఇప్పుడు అవతలి వాళ్ల గడువు తేదీలు కూడా మా దగ్గరే రాసుకుని, నెల ముందే మెయిల్ పెడుతున్నాం.